పాట కుంటుతోంది

"కుంటింది నేను కాదు. పాట కుంటింది."

చిన్నది పొద్దుటి నుంచి ఈ ఒక్క మాటే పట్టుకుంది. అమ్మ వినిపించుకోవడం లేదు. నిన్న వేదిక మీద వేసుకున్న నాట్యం బట్టలు గది మధ్యలో కుప్పగా పడున్నాయి. విసిరింది చిన్నది. తియ్యాల్సింది అమ్మ, కుట్టింది కూడా ఆమే కాబట్టి. అమ్మ తియ్యడం లేదు.

"పాట కుంటుతుందిటే? ఆడలేక మద్దెల ఓడు అందిట నీలాంటిదే ఎవర్తో! మీ నాన్న జీవితమంతా నాట్యానికే పాడాడు. ఆయన పాట దగ్గర ఏ ఒక్క కాలైనా తడబడిందని ఎవరైనా అన్నారా?"

"అయితే నిన్న మూడో చరణం దగ్గర జనం ఎందుకు నవ్వారు?"

"నిన్ను చూసి."

  చిన్నది వెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది.

నాన్న కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. మెడచుట్టూ మఫ్లరు. గొంతు డాక్టరు ఆయన నోరు మూయించాడు. ఈ నెలంతా మాట పెగలకూడదు, పెగిలితే ఇక ఆ గొంతు మీద ఆశ వదులుకోండి అన్నాడు. మూసుకుని కూర్చుంటే నెలాఖరుకి రావచ్చు అన్నాడు. వస్తుంది అనలేదు. రావచ్చు అన్నాడు. ఆ "వచ్చు"ని పట్టుకునే ఇల్లంతా వేలాడుతోంది.

మాటకి బదులు చిటికె. ఒకటైతే ఔను, రెండైతే కాదు.

"మీరు చెప్పండి," అంది అమ్మ. "పాటలో తప్పుందా?"

రెండు చిటికెలు.

"విన్నావా?"

"వినకేం. కాకిపిల్ల కాకికి ముద్దు," అంది చిన్నది గోడతో.

గోడవారన స్టూలు మీద పెద్దది హుక్కులు కుడుతోంది. ఎడమకాలు ముందుకి చాపి, మడమ కింద దిండు. రెండేళ్లయింది ఆ కాలు విరిగి. అతికింది గానీ, అతికిన కాలు అతికిన గిన్నెలాంటిది. పని జరుగుతుంది. పొయ్యి మీద పెట్టాలంటే భయం.

"ఆ చోట నువ్వు ఓ క్షణం ఆగి చూడరాదూ?" అంది తల ఎత్తకుండా.

"ఆగి చూశానే అక్కా. బస్టాండులో నిలబడ్డట్టుంది."

పెద్దది నవ్వబోయి మానేసింది. సూది మళ్లీ గుడ్డలోకి దిగింది.

ఊళ్లో ఇది కళల నెల. ఒక హాల్లో నాటకం, ఒక హాల్లో పాట, ఒక హాల్లో నాట్యం. పాలపాకెట్టుకి వెళ్లినా ఎవడో ఒకడు చేతిలో కరపత్రం పెడతాడు. గోడ కనిపిస్తే పోస్టరు. పోస్టరు మీద ఇంకో పోస్టరు. ఈ ఏడు కొత్త రూలు పెట్టారు పెద్దమనుషులు: నాట్యానికి పాడేవాళ్లనీ వాయించేవాళ్లనీ వెంట తేవద్దు. పాట రికార్డు చేసి ముందే ఇచ్చెయ్యాలి. నలుగురికి మైకులు పెట్టే టైములో ఇంకో నాట్యం ముగించెయ్యొచ్చట. నెల పేరేమో కళలది. కళాకారుణ్ణి గుమ్మం దగ్గరే ఆపేస్తారు. దీనికి ప్రారంభోత్సవాలు, దండలు, ఉపన్యాసాలు! నాన్న గొంతు బాగున్న రోజుల్లోనే రికార్డు చేసి ఇచ్చాడు. తర్వాత గొంతు పోయింది. ఇప్పుడు ఆయన గొంతు ఊళ్లో హాళ్లన్నీ తిరుగుతోంది. ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. డోలు బాబాయి.

నాన్నకి వరసకి తమ్ముడు. నాన్న పాడితే ఆయన డోలు. ఈ ఏడు డోలు మూలన పెట్టి, అదే హాళ్లలో టార్చి పట్టుకుని వచ్చినవాళ్లకి సీట్లు చూపించే పనిలో చేరాడు. చొక్కాకి బిళ్ల కూడా ఉంది.

"ఏంటొదినా, మద్దెల ఓడంటున్నావు, కిందికి వినిపిస్తోంది. మనది మద్దెల కాదు, డోలు."

"నువ్వొకడివి తక్కువయ్యావు. కూచో."

"కూచోడానికి రాలేదు. కళల నెల కమిటీ కార్యదర్శి పిలుస్తున్నాడు. నిన్నటి సంగతి."

అమ్మ కొంగు బిగించింది. బాబాయి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"నువ్వొద్దు తల్లీ. నువ్వొస్తే అక్కడ ఇంకో నాటకం మొదలవుతుంది. పెద్దదాన్ని పంపు. దానికి మెత్తగా మాట్లాడ్డం తెలుసు."

*

కార్యదర్శి గదిలో పూలగుత్తులు ఎక్కువ, కుర్చీలు తక్కువ. ఉన్న రెండు కుర్చీల్లోనూ జ్ఞాపికల పెట్టెలు కూర్చున్నాయి. పెద్దది నిలబడింది. మూడు అంతస్తులు ఎక్కిన కాలు సన్నగా వణుకుతోంది. బాబాయి ఒక పెట్టె దించబోతే కార్యదర్శి, "జాగ్రత్త, గాజువి," అన్నాడు. పెట్టె కుర్చీలోనే ఉండిపోయింది.

"ఒక్క డోలండీ," అంది పెద్దది. "మా బాబాయి వాయిస్తారు. పాట కూడా అక్కర్లేదు. మా చెల్లి డోలు మీదే ఆడుతుంది."

"చూడమ్మా. ఇవాళ డోలంటారు. రేపు డోలు వాయించేవాడికి కుర్చీ అంటారు. ఎల్లుండి ఆయనకో గ్లాసు మంచినీళ్లంటారు. దీనికి అంతెక్కడ?"

"నేను మీ హాల్లోనే ఉంటానండి ఎలాగూ," అన్నాడు బాబాయి. "టార్చి పక్కనపెట్టి వాయించి, మళ్లీ టార్చి తీసుకుంటాను."

"మరి ఆ టైములో వచ్చినవాళ్లు చీకట్లో తడుముకోవాలా?"

బాబాయి టార్చిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. 

కార్యదర్శి ఫోను మోగింది. మాట్లాడాడు, నవ్వాడు, పెట్టేశాడు. మొహం మళ్లీ బిగించుకున్నాడు.

"ఇచ్చిన పాట మారదు. నెల మొదలయ్యాక ఎవరి పాటా మారదు. చివరి రోజు పెద్ద హాల్లో మొదటి ప్రదర్శన మీ బృందానిదే పెట్టాం, మీ నాన్నగారి మీద గౌరవంతో. నిన్న ఆ నవ్వులు నేనూ విన్నాను. ఇవాళ పాత హాల్లో నేనే ముందు వరసలో కూర్చుంటాను. మళ్లీ తడబడిందా, ఆ చోటు ఇంకొకరికి వెళ్లిపోతుంది. నన్ను తిట్టుకోవద్దు."

"మా చెల్లి తప్పు కాదండీ."

"ఎవరి తప్పయితే నాకేంటి? ఎవరాడినా నాకు ఒకటే. బృందం పేరు అదే ఉండాలి, పాట అదే ఉండాలి. ఆడే కాళ్లు ఎవరివో నేను చూడను."

పెద్దది తలుపుదాకా వెళ్లి ఆగింది.

"పాత హాల్లో వేదిక పలక మార్చారా అండీ?"

"ఏ పలక?"

"రెండేళ్ల కింద నా కాలు దిగబడి విరిగిన పలక."

 కార్యదర్శికి గుర్తొచ్చి మొహం వెలిగింది.

"ఓ, అదా! దాని మీద తివాచీ పరిచాం కదమ్మా. కొత్తది. ఎర్రది."

*

వాళ్లు తిరిగొచ్చేసరికి బట్టల కుప్ప గది మధ్యలోనే ఉంది. చిన్నది నేల మీద కూచుని ఫోనులో పాట వింటోంది. పొద్దున స్టూడియో అతను ఆ చోట కొంచెం కోసి పంపాడట. పెద్దది స్టూలు మీద కాలు చాపుకుని మళ్లీ సూది అందుకుంది.

"విను బాబాయ్. ఎలా ఉందో."

పాట వచ్చింది. మూడో చరణంలో రాగం సాగుతూ సాగుతూ ఠక్కున తెగి, మళ్లీ అందుకుంది.

"పాటకి ఎక్కిళ్లొచ్చాయి," అన్నాడు బాబాయి.

"కోస్తే ఇలా, కొయ్యకపోతే అలా. అతనేమో అక్కడ ఖాళీ ఉంటే కోసేవాణ్ణి, గొంతు సాగుతోంది, ఎక్కడ కోసినా ఊపిరి తెగుతుంది అంటాడు."

"కొయ్యనిది పెట్టు. మొదటి నుంచి పెట్టు."

బాబాయి కళ్లు మూసుకున్నాడు. టార్చి ఒళ్లో పెట్టుకుని దాని మీద వేళ్లు ఆడించాడు. మొదటి చరణం అయింది. రెండో చరణం అయింది. మూడోదాంట్లో ఒకచోట ఆయన వేళ్లు గాల్లో ఆగి, ఒక రెప్పపాటు ఆలస్యంగా దిగాయి. కళ్లు తెరిచాడు.

"నేను దీనికి డోలు వేసింది అన్న పాడిన మర్నాడు. అన్న గొంతు చెవిలో పెట్టుకుని దాని వెంట పోయాను. గొంతు ఒక్క స్వరాన్నే సాగదీస్తూ ఆగితే నేనూ ఆగాను. ఎందుకాగిందో అడగలేదు." నాన్న వైపు చూశాడు. "అన్నకి కాళ్లు కనిపించందే గొంతు పెగలదు. ఎదురుగా ఆడేవాళ్లుండాలి. ఒసే చిన్నా, నువ్వు ఆ రోజు స్టూడియోకి వెళ్లావా?"

"లేదు. జ్వరం."

"మరి అద్దం అవతల నిలబడిందెవరు?"

సూది ఆగింది.

 కింద టైర్ల షాపులో ఎవరో గాలి కొట్టిస్తున్నారు. 

"నేను," అంది పెద్దది.

"నువ్వు ఫ్లాస్కు మొయ్యడానికి వెళ్లావు కదే!" అంది అమ్మ.

"ఫ్లాస్కూ మోశాను." సూదిని గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. "నాన్న మొదలుపెట్టి ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాడు, ఆపేశాడు. ఆ దూది గోడల్ని చూసి పాడలేనన్నాడు. నన్ను అవతల నిలబడి ఊరికే అడుగు చూపించమన్నాడు. చూపిద్దామనే నిలబడ్డాను. పాట మొదలయ్యాక నిలబడటం నా వల్ల కాలేదు."

"ఆడావా?"

"ఆడాను."

"ఆ కాలితో?"

"ఇంకో కాలు ఎక్కడుందమ్మా నాకు?"

అమ్మ నుదురు కొట్టుకుంది. పెద్దది తన కాలి వైపు చూసుకుంటూ, ఎవరికో కాదు, ఆ కాలికే చెబుతున్నట్టు చెప్పింది. "బరువు ఎడమవైపుకి మారే చోట నాకు కాస్త పడుతుంది. నాన్న చూశాడు. ఆగాడు. నా పాదం ఆనాక అందుకున్నాడు. నేనేమీ అడగలేదు."

చిన్నది కోప్పడుతుందనుకున్నారు అందరూ. కోప్పడితే బాగుండేది.

"అంటే నెల మొదలైన దగ్గర్నుంచీ నేను నీ కాలు వేసుకుని ఆడుతున్నాను," అంది మెల్లగా. "ప్రాక్టీసంతా నాన్న నోటితోనే కదా చేశాను. అప్పుడు నాతో సరిగ్గానే ఉంది పాట. నా కోసమూ ఎక్కడో ఆగేవాడేమో. నాకు తెలీనే తెలీదు."

అమ్మ నాన్న వైపు తిరిగింది.

"ఇదంతా నిజమేనా?"

ఒక చిటికె.

"పొద్దున తప్పుందా అంటే లేదన్నారే!"

 నాన్న ఏం చెబుతాడు? ఆడేవాళ్ల కాలు నేలకి ఆనేదాకా ఆగడం ఆయన లెక్కలో తప్పు కాదు. అదే పాడటం. దాన్ని యంత్రంలో బంధిస్తే ఇంకొకళ్ల కాళ్లకి సంకెల అవుతుందని ఆయనకి ఎవరు చెప్పారు? చెప్పాల్సినవాళ్లు తివాచీలు పరుచుకుంటున్నారు.

చిన్నది మోకాళ్ల మీద జరిగి కుర్చీ దగ్గరికి వచ్చింది.

"నాన్నా. సరైన తాళం నడక చేత్తో వేసి చూపించు. దాన్ని తలలో పెట్టుకుని ఆడతాను. పాటని విననే వినను. వెయ్యి."

నాన్న ముందుకి వంగాడు. కుర్చీ చేతి మీద దెబ్బ వేశాడు. మొదటి చరణం. రెండో చరణం. గట్టి చెయ్యి. ఎక్కడా తడబడలేదు. చిన్నది తల ఊపుతోంది. మూడో చరణం. చెయ్యి లేచింది. గాల్లో ఆగింది. ఆలస్యంగా దిగింది.

ఆయన తన చేతివైపు చూసుకున్నాడు, ఎవరి చెయ్యో అన్నట్టు.

మళ్లీ వేశాడు. మళ్లీ ఆగింది. పళ్లు బిగించి ఇంకోసారి వేశాడు. ఆ చోటుకి రాగానే ఆయన కళ్లు తమంతట తామే స్టూలు వైపు, చాపిన కాలి వైపు వెళ్లాయి. చెయ్యి అక్కడే నిలబడిపోయింది.

చిన్నది ఆ మణికట్టు పట్టుకుని కిందికి దించింది.

"చాలు నాన్నా."

అప్పుడే కింద హారను. పాత హాలుకి తీసుకెళ్లే కమిటీ వ్యాను వచ్చేసింది.

"ఆ కార్యదర్శి ఏమన్నాడంటే," అన్నాడు బాబాయి, ఎవరూ అడగకుండానే, "ఎవరాడినా ఒకటే అన్నాడు. కాళ్లు ఎవరివో చూడనన్నాడు."

అని నాలిక కరుచుకున్నాడు. కరుచుకుని ఏం లాభం? మాట గదిలో పడింది.

మొదట పెద్దదాని కాలి వైపు చూసింది అమ్మే. సిగ్గుపడి మొహం తిప్పుకున్నది కూడా అమ్మే.

"మీకేమైనా మతిపోయిందా?" అని అరిచింది, ఎవరూ ఏమీ అనకముందే. "ఎముకల డాక్టరు ఏమన్నాడు? ఇంకొక్కసారి పడితే జన్మంతా కర్రే అన్నాడు. అందులోనూ ఆ పాత హాలు! నిక్షేపంలా ఉన్న పిల్లని మింగిన హాలు!"

అరుస్తూనే వంగి గది మధ్య కుప్పని ఎత్తుకుంది. దులిపింది. గోడకి ఆనుకుని కూర్చుంది. కత్తెర కోసం తడుముకుంది.

"అక్కా," అంది చిన్నది. గొంతు మామూలుగా పెట్టాలని చూసింది. "వెళ్లు. నీ పాట నువ్వు ఆడుకో. నాకేం బాధ లేదు."

"అబ్బో, దానకర్ణురాలు," అంది పెద్దది.

"మరేం చెయ్యమంటావు? నేనాడితే నవ్వుతారు. నువ్వాడితే ఆ పాట సరిగ్గా ఉంటుంది. ఈ ఊళ్లో ఆ పాట సరిపోయేది ఒక్క నీకే."

"కార్యదర్శిని ఒప్పించి అన్న కొత్త పాట పాడితేనో?" అన్నాడు బాబాయి. "నెలాఖరుకి గొంతొస్తే... డాక్టరు రావచ్చన్నాడు కదా..."

"ఇవాళ్టి సంగతి అడుగుతుంటే నెలాఖరంటాడు!" అంది అమ్మ. టక్కున ఒక కుట్టు తెగింది.

కింద హారను రెండోసారి.

"అందరూ ఒక్క నిమిషం," అంది పెద్దది. గట్టిగా అనలేదు. అయినా అందరూ ఆగారు. "ఇందాకట్నుంచీ నా కాలి వైపే చూస్తున్నారు. కాలితోనే మాట్లాడుతున్నారు. ఎవరైనా ఒకసారి నా మొహం వైపు చూడండి."

చూడాల్సి వచ్చింది. చూడటం కష్టమైంది. ఆ మొహంలో భయం ఉంది. భయం పక్కనే, దాచుకుందామన్నా దాగని ఆశ ఉంది. రెండేళ్లుగా హుక్కులు కుడుతూ ఆ మొహం ఏం దాచుకుందో అప్పుడు తెలిసింది వాళ్లకి.

నాన్న కుర్చీలోంచి లేచాడు. మఫ్లరు లాగేశాడు. నోరు తెరిచాడు.

"ఏమండీ! వద్దు!" అంది అమ్మ.

ఆయన పెద్దదాని పేరు పిలవబోయాడు. గాలి వచ్చింది. ఒట్టి గాలి. మళ్లీ బలం పెట్టాడు. మెడ నరాలు లేచాయి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కింద షాపులో టైరు దిగిపోయేటప్పుడు వచ్చే చప్పుడులాంటిది వచ్చింది, అంతే. పిలుపు రాలేదు.

గదిలో అందరూ విన్నారు. "రావచ్చు" అన్న మాట ఏమైపోయిందో అందరూ విన్నారు. ఇక ఆయన గొంతంటూ మిగిలింది ఆ రికార్డులోనే. అది ఆగే చోట ఆగుతుంది. ఇంకెక్కడా ఆగదు.

పెద్దది గోడ పట్టుకుని లేచింది. అడుగు తీసి అడుగు వేసి వెళ్లి ఆయన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"మాట్లాడకు నాన్నా. ఏమంటావో నాకు తెలుసు. ఆ రోజు నా కోసం ఆగావు. నా కాలు ఎంతసేపు తీసుకుంటే అంతసేపు ఆగావు. అది ఆ రోజు కాలు." చెయ్యి తియ్యలేదు. "ఇవాళ మూడంతస్తులు ఎక్కి దిగాను. పొద్దుటి కంటే బరువుగా ఉంది. ఆ ఎర్ర తివాచీ మీద, ఆ చోట, నాకు ఇంకాస్త ఎక్కువ పట్టిందనుకో. నువ్వు ముందు వరసలో కూచుని చూస్తుంటావు. రికార్డు ఆగుతుందా?"

నాన్న కుడిచెయ్యి పైకి లేచింది. బొటనవేలూ మధ్యవేలూ కలిశాయి. ఔనూ రాలేదు, కాదూ రాలేదు. వేళ్లు అలాగే ఉండిపోయాయి.

బాబాయి టార్చిని ఊరికే వెలిగించాడు, ఆర్పాడు. పట్టపగలు.

"ఏదో ఒకటి తేల్చండర్రా," అన్నాడు. "వ్యానువాడు వెళ్లిపోతాడు."

హారను మూడోసారి మోగింది. ఈసారి పొడుగ్గా.

చిన్నది బట్టల కోసం అమ్మ వైపు చెయ్యి చాపింది. పెద్దది కూడా అటే చూసింది. అమ్మ ఒళ్లో కత్తెర తెరుచుకుని ఉంది. చిన్నదాని కొలతకి వేసిన నడుం కుట్లన్నీ విప్పేసింది. ఎప్పుడు విప్పిందో, ఎందుకు విప్పిందో, ఆమెకే తెలిసినట్టు లేదు. బట్టని ఎత్తి పట్టుకుని ఒక కూతురి వైపు చూసింది, ఇంకో కూతురి వైపు చూసింది.

చిన్నదానికి ఇప్పుడది వదులు. పెద్దదానికి ఇంకా బిగువే.